తిన్నె మీద ఉడికే ముక్క

ఆ శుక్రవారం గొడవ ఒక కాలి దగ్గర మొదలైంది.

సింకు కింద అలమర తలుపు మూసుకోలేదని కార్తీక దాన్ని కాలితో ఒక తోపు తోసింది. చేతిలో టిఫిన్ డబ్బా, భుజాన కాలేజీ సంచీ, బయట కురవబోతున్న వాన. వంగి మూసే తీరిక ఆ పిల్లకి లేదు. తలుపు మూసుకోకపోగా కింది అంచు నుంచి పల్చటి చెక్క పెచ్చు ఒకటి ఊడి నేల మీద పడింది.

సామి గూటి ముందు దీపం పెడుతున్న రాజలక్ష్మమ్మ కంట అది పడనే పడింది.

"శుక్రవారం పూట తలుపుని కాలితో తంతావా? లక్ష్మి నిలుస్తుందా ఈ ఇంట్లో?"

"తన్నలేదవ్వా, తోసినా."

"కాలితో తోసేదాన్ని ఏమంటారంట మీ కాలేజీలో?"

"అది సింకు తలుపవ్వా. సబ్బుపొడి పక్కన, చీపురు పక్కన లక్ష్మి ఎందుకు కూర్చుంటుంది?"

పెనం మీద దోసె తిప్పుతున్న వాసంతికి నవ్వొచ్చింది. అత్తగారు చూడకుండా మింగేసింది. "కార్తీ, నోరు," అంది.

"ఎన్నమ్మా, ఏంది నువ్వు కూడా! దినమూ బకెట్లు బకెట్లు నీళ్ళు పోసి కడిగేది అవ్వ. ఉబ్బేది తలుపు. తిట్లు మాత్రం నాకా?"

"నలభై అయిదేండ్లుగా కడుగుతాండా," అంది రాజలక్ష్మమ్మ. "జార్జి టౌన్ పాత ఇంట్లో ఏ తలుపూ ఉబ్బలా."

"ఆడ ఉండింది టేకు కదత్తా," అంది వాసంతి.

"ఓహో. నువ్వూ దాని పక్కే!"

హాల్లో పేపరు చదువుతున్న మామగారు ఏకాంబరం అప్పటిదాకా ఊరుకున్నాడు. పేపరు కిందికి దించకుండానే తీర్పు చెప్పేశాడు.

"ఊరికే ఆడోళ్ళు కొట్లాడుకోబాకండి. తప్పు నీళ్ళదీ కాదు, కాలుదీ కాదు. ఆ తలుపు చేసింది దేవరాజులు. యతిరాజులు ఇంట్లో చెక్క మార్చినోడు మనింట్లో మార్చకుండా ఉంటాడా?"

గొడవ అక్కడితో ఆగిపోయింది. కార్తీక "వరేన్, వస్తా" అని బస్సుకి పరుగెత్తింది. రాజలక్ష్మమ్మ అగరొత్తులు వెలిగించుకుంది. వాసంతి మగడు జయప్రకాష్ స్నానం చేసి వచ్చి, తండ్రి మాట విన్నాడు, భార్య వైపు చూడకుండా టిఫినుకి కూర్చున్నాడు. పెనం మీద దోసె ఒక పక్క నల్లగా మాడింది. మాడిన దోసె తన పళ్ళెంలో వేసుకుని, మగనికి ఇంకోటి పోసింది వాసంతి.

పెళ్ళైన ఈ ఇరవై ఏళ్ళ పైచిలుకులో ఆమె చేతిలో దోసె మాడడం ఆ ఇంట్లో అరుదు.

ఏకాంబరానిది జార్జి టౌన్‌లో ప్లైవుడ్ అంగడి. తోపుడుబండ్లు తప్ప ఇంకేదీ సుఖంగా దూరలేని సందులో ముందు చిన్న అంగడి, వెనక పొడుగాటి గోడౌను. గోడౌనుకి వచ్చిన ప్రతి పలక మీద ఊదా సిరాతో అంగడి ముద్ర ఆయనే స్వయంగా వేసేవాడు. కొడుకు చేతికి వ్యాపారం అప్పగించాక కూడా ముద్ర మాత్రం అప్పగించలేదు. "నా ముద్ర ఉంటే నా మాట ఉన్నట్టే" అనేవాడు.

ఆ సందులో ఆ అంగడికి ఇంకో గుర్తు ఉంది. వీధివైపు తిన్నె మీద ఒక కిరసనాయిలు పొయ్యి, దాని మీద సత్తు గిన్నె, గిన్నెలో పొద్దుననుంచి సాయంత్రం దాకా ఉడుకుతూ నాలుగంగుళాల ప్లైవుడ్ ముక్క. "మెరైన్ ప్లై నీళ్ళకి తట్టుకుంటుందా?" అని ఎవరైనా అడిగితే ఏకాంబరం జవాబు చెప్పడు. పట్టకారుతో ముక్కని తీసి, చేతికి ఒక చాకు కూడా ఇచ్చి, "పొరలు ఊడదియ్ చూద్దాం" అంటాడు. ఊడదీసినవాడు లేడు. తోపుడుబండ్ల వాళ్ళు పోతూపోతూ "అయ్యా, రసం దించినారా?" అని కేకేసేవాళ్ళు. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. "ఉప్పు చూసి పో రా" అనేవాడు.

ఆ గిన్నె ఆలోచన వాసంతిదే. కెమిస్ట్రీ బియస్సీ చదివి ఆ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో, మిల్లువాళ్ళు పంపిన చిన్న పుస్తకం ఒకటి హాల్లో పడి ఉంటే చదివింది. అన్నం తింటున్న మామగారితో, "నిజంగా మెరైన్ అయితే మూడు దినాలు నీళ్ళలో ఉడికించినా పొరలు విడిపోకూడదంట మామా. మనం అట్ల ఒక ముక్క ఉడికించి చూపిస్తే?" అంది. కొత్త కోడలు మామగారి వ్యాపారం గురించి మాట్లాడడం ఆ ఇంట్లో అదే మొదలు. రాజలక్ష్మమ్మ కళ్ళు పెద్దవి చేసింది. ఏకాంబరం మాత్రం ముద్ద ఆపి, కోడల్ని తేరిపార చూసి, "చదువుకున్న పిల్ల చదువుకున్న పిల్లే" అన్నాడు. మరుసటి వారం తిన్నె మీద పొయ్యి వెలిగింది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు: "మా కోడలి తెలివి ఇది."

ఆ మాట వినడానికి వాసంతి పండగలప్పుడు పనిగట్టుకుని అంగడికి పోయేది.

గిన్నెలో నీళ్ళు దినమూ మార్చేవాళ్ళు. ముక్కని ఎవరూ మార్చలేదు. మొదటి మంచి లాటులోంచి కోసిన ఆ ముక్కే ఏళ్ళ తరబడి ఉడికి ఉడికి, కాఫీ గింజల రంగుకి తిరిగి, అయినా పొర విడవకుండా నిలబడింది. దానిమీద ఏకాంబరానికి మనవరాలి మీదున్నంత ప్రేమ. ఒక ముక్క బాగుంటే ఆ ముక్క బాగున్నట్టే గానీ, తర్వాత వచ్చిన సరుకంతా బాగున్నట్టు కాదు. కాలేజీ ల్యాబులో మొదటి నెల్లోనే నేర్పే సంగతి ఇది. వాసంతికి తెలుసు. మామగారి ముఖంలో ఆ గర్వం చూస్తూ ఎట్లా చెప్పడం? చెప్పలేదు.

మూడేళ్ళ కిందట, ఇంకా అందరూ మద్రాసు అనే అంటున్నప్పుడు, పెరంబూరులో ఈ ఇల్లు కట్టారు. అదే సమయంలో ఏకాంబరం చిన్ననాటి స్నేహితుడు యతిరాజులు టి. నగర్‌లో ఇల్లు కట్టాడు. రెండిళ్ళకీ చెక్కపని దేవరాజులుదే. ఇరవై ఏళ్ళుగా ఆ కుటుంబానికి తెలిసిన వడ్రంగి. జార్జి టౌన్ ఇంట్లో పూజ మంటపం చేసింది ఆయనే. చెవి వెనక పెన్సిలు, పంచె మీద రంపంపొట్టు, నోట్లో మేకులు. మేకులు నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడడు, తీశాక కూడా పెద్దగా మాట్లాడడు.

రెండిళ్ళకీ ఒకే లాటు సరుకు వచ్చింది. కొత్త మిల్లు. పలక పలకకీ మెరైన్ అని అచ్చు, పక్కన ఏకాంబరం ఊదా ముద్ర. దేవరాజులు కోసి పడేసిన ముక్కల్లో ఒకటి కాలికి తగిలితే వాసంతి తీసి చూసింది. పొరల మధ్య జిగురు గీత తెల్లగా ఉంది. గిన్నెలో ముక్కకి ఆ గీతలు ముదురు గోధుమరంగులో ఉండేవి. రంగు చూసి ఖాయం చెయ్యకూడదని, ముక్కని ఇంటికి తెచ్చి పాత గిన్నెలో నీళ్ళు పోసి ఉడకేసింది. పక్క పొయ్యి మీద కందిపప్పు. పప్పు ఉడికి, చారు కాగి, వంకాయలు వేగేలోపల ముక్క అంచులు విచ్చుకోవడం మొదలుపెట్టాయి. భోజనాల వేళకి పట్టకారుతో ఎత్తితే, వానలో తడిసిన పుస్తకంలాగా పొరకి పొర వేలాడింది.

సాయంత్రం జయప్రకాష్ ఇంటికి రాగానే ఆ పొరలు తెచ్చి చూపించింది.

ఆయన చాలాసేపు వాటిని తిప్పి తిప్పి చూశాడు. "ఇప్పుడే నాయనకి చెప్పొద్దు వాసంతీ. తట్టుకోలేడు. ఆ గిన్నె పెట్టుకుని ఇన్నేండ్లు ఊరంతటికీ సవాలు చేసిన మనిషి. మిల్లోడితో నేను మాట్లాడతా."

"మరి యతిరాజులు మామ వాళ్ళిల్లు?"

"మాట్లాడతానంటిని గదా."

మాట్లాడాడో లేదో ఆమె మళ్ళీ అడగలేదు.

కానీ మర్నాడు, మగవాళ్ళు అంగడికి పోయాక, దేవరాజుల్ని పిలిచింది. "అన్నా, మన వంటింటి పలకలన్నిటికీ అంచులకీ, వెనక పక్కకీ పెయింటు రెండు కోట్లు పుయ్యి. కింద చెక్క నేలకి ఆనకుండా జానెడు రాతిగట్టు మీద నిలబెట్టు."

దేవరాజులు నోట్లో మేకులు తీసి చేతిలో పోసుకున్నాడు. పలక అంచుని బొటనవేలితో రుద్ది చూశాడు. "ఇది మెరైన్ కాదు కదా చిన్నమ్మా."

"ఏమోనన్నా. మామతో అనబాక."

"అనను." మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకోబోతూ అడిగాడు. "టి. నగర్ ఇంటికీ ఇట్నే పూసేదా?"

ఆ ప్రశ్న వాసంతికి ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. తను చెప్పిన జవాబు అంతకన్నా బాగా గుర్తుంది.

"వాళ్ళకి గురువారం పాలు పొంగించే ముహూర్తం కదన్నా. పెయింటు ఆరేదానికి దినాలు ఏవి?"

అబద్ధం కాదు. ముహూర్తం గురువారమే. అంచులు ఆరకముందే పలకలు బిగిస్తే లాభం లేదన్నదీ నిజమే. ముహూర్తానికి స్టవ్వు చాలు, అలమరలు వారం తర్వాత బిగించుకోవచ్చు అని యతిరాజులు ఇంట్లో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాట చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. అందుకని ముహూర్తం వెనక దాక్కుంది.

ఆ ఏడు కార్తీకంలో వానలు గట్టిగా పడ్డాయి. యతిరాజులు వంటింటి గోడ అవతలే స్నానాలగది. పైన అందంగా అతికించిన మైకా కింద చెక్క నీళ్ళు పీల్చి ఉబ్బింది. సంక్రాంతి లోపలే తలుపులు బిగుసుకుని, అరలు వంగి, బూజు వాసన కొట్టింది. ఆయన ఒక తలుపు ఊడదీసి, ఆటోలో వేసుకుని, ఆదివారం సాయంత్రం పెరంబూరు వచ్చాడు. వెంట భార్య, కొడుకు, కోడలు.

మైకా అంటిన మేర ముద్ర కనపడదు. ఏకాంబరం విచ్చుకున్న పొరల్ని చూశాడు, పాలిపోయాడు, తర్వాత ఎర్రబడ్డాడు. "ఇది నా సరుకు కాదు యతిరాజులూ. నా సరుకు మూడు దినాలు ఉడికినా ఊడదు. నువ్వే వచ్చి చాకుతో గీకి చూసినావు గదా! మధ్యలో ఎవరో మార్చినారు."

మధ్యలో ఉన్నది ఒక్కడే. పక్కవీధిలో పనిచేస్తున్న దేవరాజుల్ని పిలిపించారు. ఆయన గుమ్మం లోపలికి రాలేదు, చెప్పులు విడిచి గడప అవతలే నిలబడ్డాడు.

"నేను మార్చలేదు పెద్దయ్యా," అన్నాడు. ఒక్కసారే అన్నాడు. తర్వాత వాసంతి వైపు చూశాడు.

వాసంతి చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. ఏడు గ్లాసులు. ఆమె వాటి నురగని చూస్తూ నిలబడింది. గోడకి ఆనుకుని నిలబడిన జయప్రకాష్ తన కాలిగోళ్ళని చూసుకుంటున్నాడు. యతిరాజులు కోడలు తన అత్త చెవిలో ఏదో అంది. ఏకాంబరం గొంతు పెంచాడు. మంచి పలకలు ఎక్కడ అమ్ముకున్నావని అడిగాడు. దేవరాజులు చెవి వెనక పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు, చెప్పులు వేసుకున్నాడు, పోయాడు. ఆయన కాఫీ గ్లాసు పళ్ళెంలోనే చల్లారింది.

చెక్కపని చేయించుకునే ఇళ్ళన్నీ ఒకరికొకరు తెలిసినవే. ఒక ఇంట్లో అన్న మాట నెల తిరగకుండా పది ఇళ్ళు చేరింది.

పెచ్చు ఊడిన ఆ శుక్రవారం మధ్యాహ్నం అత్తగారు పడుకున్నాక, వాసంతి స్క్రూడ్రైవరు తీసుకుని సింకు కింద చేరింది. మూడేళ్ళు కాసింది ఆమె పూయించిన పెయింటు. సింకు గొట్టం ఎప్పటినుంచి కారుతున్నదో, వెనక మూలన పెయింటు పొక్కిపోయి, చెక్క రెండింతలు లావెక్కింది. పెయింటు నీళ్ళని ఆలస్యం చేసింది, అంతే. తడిసి తుప్పుపట్టిన స్క్రూలు సగం తిరిగి మొరాయించాయి. గోడకి బిగించిన పలకని చివరికి చేత్తోనే లాగితే ఊడి వచ్చింది. వెనక పెయింటు పొరలుగా రాలిపోయిన చోట ఊదారంగు కనపడింది. తడిగుడ్డతో తుడిచింది. గుండ్రటి ముద్ర. 'ఏకాంబరం అండ్ సన్'. సగం చెదిరినా చదవొచ్చు.

మారిన పలకకి ఈ ముద్ర ఉండదు.

గిన్నెలు తోమేదానికి వచ్చిన మునియక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమెది దేవరాజులు ఉండిన వీధే.

"దేవరాజులన్న ఇప్పుడు ఎక్కడుండాడు మునియక్కా?"

"ఆయన ఈడెక్కడమ్మా! ఇల్లు ఖాళీ చేసి ఏడాదిపైన ఆయె. ఎన్నూర్లో బావమరిది దగ్గర ఉండాడు. చేపల పెట్టెలు కొడతాండాడంట." మునియక్క చీపురు కింద పెట్టింది. "పూజ మంటపాలు చేసిన చెయ్యి. పాపం."

ఆదివారం పొద్దున ఆరింటికే వాసంతి బయల్దేరింది. పదకొండుకల్లా వచ్చేస్తానని అత్తగారికి చెప్పింది. ఎక్కడికని అడిగితే, "పాత బాకీ మాట ఒకటుంది" అంది. రాజలక్ష్మమ్మకి అర్థం కాలేదు, మొక్కు తీర్చడానికి గుడికేమో అనుకుంది.

బేసిన్ బ్రిడ్జిలో బండి మారి ఎన్నూరులో దిగేసరికి వాన వెలిసింది. రోడ్డు మీద లారీలు బురద చిమ్ముకుంటూ పోతున్నాయి. దూరంగా కరెంటు తయారుచేసే చోటి పొగగొట్టాలు. ఏటి నీళ్ళ మీద నూనె చారలు వంకరటింకరగా మెరుస్తున్నాయి. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే రేకుల పందిరి ఒకటి చూపించారు.

దేవరాజులు కింద కూర్చుని మామిడి చెక్కలతో పెట్టె కొడుతున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. చెవి వెనక పెన్సిలు లేదు. ఈ పెట్టెలకి పెన్సిలుతో పనేముంది? కొలత కర్ర ఒకటి పక్కన పడి ఉంది, దాంతో కొలిచి కోసెయ్యడమే. ఆమెని చూసి నోట్లో మేకులు తీసేశాడు.

"చిన్నమ్మా! మీరేంది ఈడ? పెద్దయ్య బాగుండాడా?"

బాగున్నాడంది. బోర్లించిన పెట్టె ఒకటి తువ్వాలుతో తుడిచి ఆమెకి వేశాడు. చుట్టూ చేపల వాసన. ఆమె పెట్టెల వైపు చూసింది. చెక్కల మధ్య వేలు దూరేంత సందులున్నాయి.

"ఇవి దినమంతా నీళ్ళలోనే కదన్నా. నిలుస్తాయా?"

"నిలుస్తాయి. పచ్చి చెక్క నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఉబ్బితే మేకుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఎండితే మళ్ళా తన కొలతకి తాను వచ్చేస్తుంది. ప్లై అట్ల కాదు కదా. ఒకసారి విచ్చుకుంటే అంతే." పనిని గురించి మాట్లాడుతున్నంతసేపూ ఆయన గొంతు పాత గొంతే.

"మా సింకు కింద పలక విచ్చుకుందన్నా. వెనక మామ ముద్ర ఉంది."

దేవరాజులు తల ఊపాడు. "పెయింటు మూడేండ్లు కాసింది. నేను రెండే అనుకున్నా."

"నువ్వు ఆ దినం నా పేరు ఎందుకు చెప్పలేదు?"

ఆయన సుత్తి పిడిని రుద్దుకుంటూ కూర్చున్నాడు. "చెప్తే మీ సంసారంలో గొడవ. మామతో అనబాక అన్నారు, అననంటిని. ఇంకో చోట పని దొరక్కుండా పోతుందా అనుకున్నా." చిన్నగా నవ్వాడు. "దొరకలా."

"యతిరాజులు మామ ఇంటికి పోయి జరిగింది చెప్తా."

"ఇప్పుడెందుకు చిన్నమ్మా? వద్దు." అప్పటిదాకా మామూలుగా ఉన్న మనిషి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "వినాల్సినామె లేదు. పోయిన ఆషాఢంలో పొయింది మా ఇంటామె. జ్వరంలో కూడా అడిగింది. 'నాకొక్కదానికీ నిజం చెప్పు, మార్చినావా?' అని. ముప్పై మూడేండ్లు కాపురం చేసినామె. లేదే అన్నా. నమ్మిందో లేదో."

వాసంతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ ఇంటామెని ఆమె రెండుమూడుసార్లు చూసింది. పాలు పొంగించిన దినం మగనికి అన్నం క్యారియరు తెచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా మెట్ల మీదే కూర్చున్న మనిషి. ఆమెతో ఒక్క మాట చెప్పడానికి పెరంబూరులో ఒక వీధి దాటితే సరిపోయేది. వాళ్ళు ఇల్లు ఖాళీ చేసేలోపు ఏ మధ్యాహ్నమైనా సరిపోయేది. ఆ మధ్యాహ్నాలన్నిట్లో తను ఏం చేసింది? పప్పులు ఏరింది. పరదాలు కుట్టింది.

"ఏడవబాకండి చిన్నమ్మా. ఎవరన్నా చూస్తే నేనేదో అన్నాననుకుంటారు," అన్నాడు దేవరాజులు. ఆమె లేచేటప్పుడు పందిరి వెనక్కి పోయి, తామరాకులో రొయ్యలు కట్టి తెచ్చాడు. "పెద్దయ్యకి ఇష్టం. ఏటివి కావు, సముద్రానివి. ఏటివి ఇప్పుడు మేమే తినడంలా."

వద్దనడానికి ఆమెకి హక్కు లేదనిపించింది. తీసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో అందరూ కలిసి తింటారు. మిగతా దినాల్లో ఎవరి వేళ వాళ్ళది. వాసంతి రొయ్యల ఇగురు చేసింది, పప్పుచారు పెట్టింది. ఊడదీసిన పలకని తుడిచి, ముద్ర వైపు కనపడేలా హాల్లో గోడకి ఆనించింది. ఏకాంబరం కంటికి అద్దాలు లేకుండా దూరానివి ఆనవు. ఆయన చూడలేదు. జయప్రకాష్ చూశాడు. కూర్చోబోయినవాడు ఒక్క క్షణం నిలబడిపోయి, తర్వాత కూర్చున్నాడు.

"అబ్బ! ఎన్ని దినాలాయె ఇట్లాంటి రొయ్యలు తిని!" అన్నాడు ఏకాంబరం రెండో ముద్దకి. "మార్కెట్‌వి కావే ఇవి. ఎక్కడివి?"

"ఎన్నూరువి మామా. దేవరాజులు ఇచ్చినాడు."

రాజలక్ష్మమ్మ గరిటె గిన్నెలో అట్లాగే ఉండిపోయింది.

"ఆ దొంగనాయాలి ఇంటికి నువ్వెందుకు…"

"ఆ మాట అనొద్దు మామా. కార్తీ, ఆ పలక తాత దగ్గరికి తీసకరా. తాత అద్దాలు కూడా."

కార్తీక ఎంగిలి చేత్తోనే లేచింది. ఏకాంబరం అద్దాలు పెట్టుకుని పలకని చూశాడు. విచ్చుకున్న పొరల్ని చూశాడు. తర్వాత ముద్రని. ఎడమచేతి వేలితో ముద్ర చుట్టూ ఒకసారి గీశాడు.

"ఇది మన సింకు కిందది," అంది వాసంతి. "యతిరాజులు మామ ఇంటికి పోయిందీ ఇదే లాటు. బిగించకముందే నేను ఒక ముక్క ఉడికించి చూసినా. పప్పు ఉడికే లోపల పొరలు ఊడిపొయినాయి. దేవరాజులు ఏమీ మార్చలేదు. నాకు అప్పుడే తెలుసు."

"నీకు తెలుసా?" అని కొడుకు వైపు తిరిగాడు ముసలాయన. జయప్రకాష్ తల దించుకున్నాడు. "నీకు బాధగా ఉంటుందని నాయనా…" అన్నాడు.

"తిన్నె మీద ముక్క…" అన్నాడు ఏకాంబరం, ఎవరితోనో తెలియకుండా.

"అది పాత లాటు ముక్క మామా. ఎప్పటికీ అదే ముక్క. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా కొత్త ముక్క వెయ్యాలని నేను మొదట్లోనే చెప్పుండాల్సింది. మీరు నన్ను మెచ్చుకుంటా ఉంటే నాకూ బాగుండింది."

పక్కింటి రేడియోలో ఎవరో వాతావరణం చదువుతున్నారు. ఏకాంబరం అద్దాలు తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. ఆయన కేకలేస్తాడని వాసంతి కాచుకుంది. కేకలు వచ్చి ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. "గిన్నె పెట్టమంటే పెట్టినోణ్ణి. లాటంతా వెనక్కి పంపమంటే పంపనా?"

పంపేవాడేనా? ఈ మూడేళ్ళూ ఆయన తట్టుకోలేడనే అనుకుంది. అడిగి చూడలేదు. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

"దేవరాజులు చెప్పమన్నాడా?" అన్నాడు మళ్ళీ.

"వద్దన్నాడు. వాళ్ళింటామె పొయిందంట మామా. నిజం తెలియకుండానే పొయింది."

"అయ్యో," అంది రాజలక్ష్మమ్మ. గరిటె వదిలేసి కొంగు నోటికి పెట్టుకుంది.

"మరి వాడే వద్దంటే ఇంకెందుకు వాసంతీ," అన్నాడు జయప్రకాష్ మెల్లిగా. "మిల్లుదని ఏదో ఒకటి యతిరాజులు మామకి నేను ఫోన్‌లో…"

"ఫోన్ వద్దు." వాసంతి లేచి మామగారి పళ్ళెంలో చారు వడ్డించింది, ఆయన తినడని తెలిసే. "రేపు నేను టి. నగర్ పోతాండా. ఈ పలక ఎత్తుకుపోతా. ఉడికించింది నేనే, తెలిసి దాచింది నేనే, మన ఇంటికి మాత్రం పెయింటు పూయించుకున్నదీ నేనే అని చెప్తా. మీరెవరూ రాకపొయినా సరే. పొద్దున పోను, సాయంత్రం పోతా. ఆయన ఉండాలి, భార్య ఉండాలి, కొడుకూ కోడలూ ఉండాలి. దేవరాజులుని అన్నది వాళ్ళందరి ముందరే గదా."